మా ఆసుపత్రిలో టీకా వేయించుకోని వాళ్ళం

నేను పనిచేసేది అమలాపురంలో ఒక వంద పడకల ఆసుపత్రిలో. స్టాఫ్ నర్సుగా చేరి పద్నాలుగేళ్ళు దాటింది. కరోనా తగ్గుముఖం పట్టాక నాకు ఇంకో పని కూడా అప్పజెప్పారు. వార్డుల్లో ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూడటం. ఎవరు చేతులు కడుక్కుంటున్నారు, మాస్కు ముక్కు మీద ఉందా గడ్డం కింద ఉందా, వాడిన సూదులు వెయ్యాల్సిన డబ్బాలోనే వేస్తున్నారా, ఇవన్నీ చూసుకుంటూ తిరగాలి. అప్పటి నుంచి నేను కనబడగానే అందరూ కుళాయి దగ్గరకు నడిచేవారు. నేను అటు తిరగగానే మానేసేవారని కూడా నాకు తెలుసు.

ఆ ఏడాది తొలకరి పడ్డ కొత్తలో పెద్ద డాక్టరుగారు నన్ను తన గదికి పిలిచారు. ఆసుపత్రి ఆయనదే. రోగుల మీద ఎంత ప్రేమో, భోజనం వేళ మీద అంత నిర్లక్ష్యం ఆయనకి.

"సిస్టర్, ఈసారి మన స్టాఫందరికీ ఫ్లూ టీకా వేయిద్దామనుకుంటున్నానండీ. మందు తెప్పించేను, ఫార్మసీ ఫ్రిజ్‌లో ఉంది. బలవంతం ఏమీ లేదు. కానీ అందరూ వేయించుకునేలా మీరు చూడాలి" అన్నారు.

"బలవంతం లేకుండా అందరూ ఎలా వేయించుకుంటారండీ?"

"అది తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తానండీ?" అని నవ్వారు.

"అయితే మొదటిది మీకే వేసేస్తానండీ. తీసుకురానా?"

"ఆయ్, తప్పకుండా. రేపు" అన్నారు.

ఆ రేపు కోసం నేను చాలా రోజులు ఎదురుచూశాను. వెళ్ళినప్పుడల్లా ఒక రోగి ఉండేవారు, లేదా ఫోను ఉండేది. ఏమీ లేనప్పుడు, "పొద్దున్నే వేయించుకుంటే మంచిదండీ" అనేవారు. పొద్దున్నే వెళ్తే, "రౌండ్స్ అయ్యాక" అనేవారు.

అలా డాక్టరుగారిని వదిలేసి, ఐసు ముక్కలు పెట్టిన చిన్న డబ్బాలో సిరంజిలు సర్దుకుని మిగతా వాళ్ళ మీద పడ్డాను. మందు సిరంజిలో నింపే వస్తుంది. మూత తీసి జబ్బకి పొడవడమే. పట్టుమని పది సెకన్ల పని. ఆ పది సెకన్ల కోసం ఒక్కొక్కరితో అరగంట మాట్లాడాల్సి వచ్చింది.

ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఆయన చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, అప్పుడు వద్దన్నారు.

"మా బావమరిది కిందటేడు వేయించుకున్నాడండీ. మర్నాడే జలుబు పట్టుకుంది."

"ఆ జలుబు టీకా వల్ల వచ్చింది కాదండీ. ఇందులో ఉన్నది చచ్చిన వైరస్ ముక్కలు. అది జబ్బు తెప్పించలేదు. ఇది మీకు నేను చెప్పాలాండీ?"

"మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజమేనండీ. కానీ మరి మా బావమరిదికి జలుబొచ్చిందండీ" అన్నారు, ఎంతో బాధపడుతూ.

ఆపరేషన్ థియేటర్లో సీనియర్ సిస్టర్లు, "ఇన్నేళ్ళ నుంచి దగ్గుల్లో తుమ్ముల్లో నానుతున్నాం. మన ఒళ్ళు ఎప్పుడో రాటుదేలిపోయిందే" అని నన్ను పంపేశారు. రిసెప్షన్లో అమ్మాయిలు కరోనా టీకాల లెక్క చెప్పి, ఇంక ఈ జన్మకి చాలన్నారు. కొత్తగా పెళ్ళయిన ఒక నర్సు నన్ను మందుల అలమారా వెనక్కి తీసుకెళ్ళి, ఇది వేయించుకుంటే పిల్లలు పుట్టరటగా అని గుసగుసగా అడిగింది. కడుపుతో ఉన్న వాళ్ళకి కూడా వేస్తారమ్మా, ఈ మాట నీకెవరు చెప్పారని అడిగాను. "మా అత్తయ్యగారి ఫోన్లో వచ్చిందండీ" అంది. నర్సింగ్ నాలుగేళ్ళు చదివిన పిల్ల. ఆ పిల్ల మీద కోపం రాలేదు నాకు. ఇంట్లో కూర్చుని రోజూ అదే మాట వింటుంటే చదువు ఏ మూలకి వెళ్ళిపోతుందో నేనూ చూశాను.

మొట్టమొదట చెయ్యి చాపినది మా ఆయమ్మ. వార్డులు ఊడ్చి తుడిచే మనిషి. అల్లవరం వైపు నుంచి రోజూ ఏడింటి బస్సుకి వస్తుంది. నేను నర్సులతో వాదించి అలిసిపోయి వరండాలో నిలబడి ఉంటే, తుడుపుకర్ర గోడకి ఆనించి దగ్గరకొచ్చింది.

"సిస్టరుగారండీ, ఆ సూది మాక్కూడానాండీ, మీ చదువుకున్నోళ్ళకేనాండీ?"

"అందరికీనే. నీకూ ఉంది."

"మరి నన్ను అడగలేదేంటండీ?"

నిజంగానే అడగలేదు. డాక్టర్లు, నర్సులు, ల్యాబు, ఫార్మసీ అని వరుసగా వెళ్తున్నాను. ఊడ్చే వాళ్ళ వంతు ఆఖరున అని నా బుర్రలో ఎవరో ముందే రాసిపెట్టినట్టుంది. రోగుల ఉమ్ములూ వాంతులూ అందరికంటే ముందు ముట్టుకునేది ఆవిడే. సిగ్గేసింది. అక్కడే బల్ల మీద కూర్చోబెట్టాను.

"ఆ చెయ్యి వద్దండీ. దాంతో తుడవాలి. ఇదిగో, ఈ చేతికెయ్యండి" అని ఎడమచెయ్యి ఇచ్చింది. వేశాక, "ఇంతేనాండీ? దీనికోసమా వీళ్ళందరూ పారిపోతున్నారు?" అని గట్టిగా నవ్వింది. ఆవిడ్ని చూసి మిగతా ఆయమ్మలు, సెక్యూరిటీ ఆయన, క్యాంటీన్లో వంటావిడ వచ్చారు. వారం తిరిగేసరికి మా ఆసుపత్రిలో టీకా వేయించుకున్న వాళ్ళంటే దాదాపు వాళ్ళే.

చదువుకున్న వాళ్ళ దగ్గరకు వెళ్తే, ముఖ్యంగా చిన్న నర్సుల దగ్గరకు వెళ్తే, చివరికి ఒకే ప్రశ్న వచ్చేది. "మేట్రన్‌గారు వేయించుకున్నారాండీ?"

మా నర్సులందరికీ పెద్ద మేట్రన్‌గారు. ఆవిడ గురించి చెప్పాలి. ఆవిడది రాజోలు దగ్గర పల్లె. పెళ్ళి చేసుకోలేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా నర్సింగులోనే ఉన్నారు. తెల్లచీర మీద తెల్లకోటు, మెడలో సన్నటి గొలుసు, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న టవలు. వార్డులోకి ఆవిడ అడుగుపెడితే మంచాల మీద దుప్పట్లు వాటంతటవే సర్దుకుంటాయని మేం నవ్వుకునేవాళ్ళం. కోప్పడితే మొహం మీదే కోప్పడేవారు. అరగంట తర్వాత పిలిచి, తన క్యారేజీలోంచి కాస్త పులిహోర మూతలో పెట్టి ఇచ్చేవారు. నేను చేరిన కొత్తలో ఒక ముసలాయనకి నరం దొరక్క మూడుసార్లు గుచ్చి ఏడుస్తుంటే, నా వెనక నిలబడి, నా చేతి మీద తన చెయ్యి వేసి నాలుగోసారి ఎక్కించింది ఆవిడే. "చెయ్యి వణికితే తప్పులేదమ్మాయ్. నరం ఎక్కడుందో చూడకుండా పొడిస్తే తప్పు" అన్నారు.

అలాంటావిడ కాదంటారని నేను అనుకోలేదు. డబ్బా పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళి, "మీరు వేయించుకుంటే పిల్లలందరూ వరస కడతారండీ" అన్నాను. ఆవిడ రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తలేదు.

"నన్నడక్కమ్మాయ్."

"ఎందుకండీ? ఒంట్లో ఏమైనా..."

"ఏం లేదు. వద్దని ఎవరికీ చెప్పను. వేయించుకోమని కూడా చెప్పను. నీకప్పజెప్పేరు కదా, నువ్వు చూసుకో."

అంత పొడిగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. బయటికి వచ్చేశాను. నాలుగు రోజులు మనసు ఉక్రోషంగానే ఉంది. అందరికీ ఆరోగ్యం గురించి చెప్పే మనిషి, తన దాకా వచ్చేసరికి ఇలా చేస్తారా అనుకున్నాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. డబ్బా మోసుకుని తిరిగిన నేను కూడా టీకా వేయించుకోలేదు.

ఎవరైనా అడిగితే, "నేను ఆఖరున. అందరికీ సరిపోయాక" అనేదాన్ని. వినడానికి త్యాగంలా ఉండేది. అసలు సంగతి అది కాదు. ఫ్లూ అంటే ముసలివాళ్ళకీ, ఆయాసం వాళ్ళకీ వచ్చేది గానీ నాకేం వస్తుందిలే అని లోపల ఎక్కడో ఉండేది. థియేటర్ సిస్టర్లు పైకన్న మాటే నేను లోపల అనుకున్నాను. డాక్టరుగారిలాగే నాకూ రోజూ ఒక రేపు ఉండేది.

శ్రావణమాసంలో వానలు పట్టుకున్నాయి. కాలవలు గట్లదాకా నిండాయి. మా పాప స్కూల్లో క్లాసు క్లాసంతా దగ్గుతోందని విన్నాను. పాపకి రెండ్రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తర్వాత నాకు గొంతు గరగర మొదలైంది. ఆ వారం వార్డులో ముగ్గురు నర్సులు సెలవులో ఉన్నారు. ఒకమ్మాయికి నిశ్చితార్థం, ఇద్దరికి జ్వరాలు. నేను కూడా ఇంట్లో కూర్చుంటే ఎలాగని మాత్ర వేసుకుని వెళ్ళాను. మాస్కు పెట్టుకునే వెళ్ళాను.

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక మామ్మగారు ఉండేవారు. ఆవిడది వాడపల్లి దగ్గర పల్లెటూరు. కట్టెలపొయ్యి ముందు జీవితం గడిపిన ఊపిరితిత్తులు, కాస్త నడిస్తే ఆయాసం. ఆవిడకి చెవుడు. మనుషుల పెదాలు చూసి మాట అర్థం చేసుకునేవారు. నేను మాస్కుతో మాట్లాడితే, "మూతి కనపడకపోతే నాకేం వినపడుద్దమ్మా? ఆ గుడ్డ తియ్యి" అనేవారు. మామూలు రోజుల్లో కూడా నేను కాస్త దూరం జరిగి, మాస్కు దించి మాట్లాడేదాన్ని. ఆ రెండ్రోజులూ అలాగే చేశాను. ఒకసారి పక్కన కూర్చుని ఆవిడ తల దువ్వి జడ కూడా వేశాను. గొంతులో గరగర ఉందని తెలిసి, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటకుండా చూడాల్సిన నేను, మాస్కు గడ్డం కిందకి లాక్కుని ఆవిడ జడ అల్లాను.

మూడోరోజు లేవలేకపోయాను. ఒళ్ళు సలసల కాగిపోయింది. కళ్ళు తిప్పినా నొప్పి. మావారు ఆసుపత్రికి తీసుకెళ్తే ముక్కులోంచి శాంపిల్ తీసి ఫ్లూ అన్నారు. శాంపిల్ పరీక్షించింది, నాకు బావమరిది జలుబు సంగతి చెప్పిన ల్యాబు ఆయనే. రిపోర్టు చేతికిస్తూ ఏమీ అనలేదు. పాపం, మంచి మనిషి.

ఇంట్లో పడుకున్న రెండోరోజు మేట్రన్‌గారు ఫోను చేశారు. ఎలా ఉన్నావని అడిగి, డ్యూటీల సంగతి చెప్పి, కాస్త ఆగి, "కిటికీ దగ్గర మామ్మగారికి జ్వరమొచ్చిందమ్మాయ్. ఐసీయూలోకి మార్చేరు. ఆవిడకీ ఫ్లూయే" అన్నారు.

ఆ ఫోను పెట్టేశాక నేను పడ్డ బాధ మాటల్లో చెప్పలేను. జ్వరం కంటే అది ఎక్కువ. కళ్ళు మూసుకుంటే ఆవిడ తెల్లటి పలచటి జడ నా వేళ్ళ మధ్య ఉన్నట్టే ఉండేది. మావారు ఎంత చెప్పినా వినలేదు. గంటగంటకీ ఐసీయూకి ఫోను చేసి ఆక్సిజన్ ఎంత ఉందని అడిగేదాన్ని. చివరికి వాళ్ళు నా నంబరు చూసి, "అలాగే ఉందండీ" అని చెప్పి పెట్టేసేవారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం మేట్రన్‌గారు మా ఇంటికి వచ్చారు. చేతిలో స్టీలు క్యారేజీ. అందులో సగ్గుబియ్యం జావ. ఆవిడ మా ఇంటికి రావడం అదే మొదటిసారి. మాస్కు పెట్టుకుని, గది కిటికీలు రెండూ తానే బార్లా తెరిచి, కుర్చీ గుమ్మం దగ్గరకి లాక్కుని కూర్చున్నారు. నేను జావ రెండు చెంచాలు తాగి ఏడ్చేశాను.

"నావల్లేనండీ. ఆవిడకేమైనా అయితే..."

"ఊరుకో. నీవల్ల అని ఎవరు చెప్పేరు?"

"నేనే కదండీ మాస్కు దించుకుని మాట్లాడేను, పక్కన కూర్చున్నాను."

"ఆవిడ మనవలు నలుగురొచ్చేరు మొన్న. ముగ్గురు దగ్గుతున్నారు. పక్కమంచం ఆవిడకి జ్వరం. ఊరంతా ఉంది ఈ జబ్బు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఎలా చెప్తాం? ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన, దానివల్లే ఇది..."

అక్కడ ఆగిపోయారు. ఒళ్ళో ఉన్న టవలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. ఏమైందండీ అని అడిగాను.

"ఇదే మాట నాకు చెప్పేరమ్మాయ్, పెద్ద డాక్టరుగారు. అచ్చం ఇదే మాట" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆవిడకి ఒక తమ్ముడుండేవాడు, స్కూలు మాస్టారు. ఆవిడ ఉండేది తమ్ముడి ఇంట్లోనే. కరోనా టీకా వచ్చినప్పుడు అతను భయపడ్డాడు. ఇవాళ కాదు రేపు అంటూ వాయిదా వేశాడు. ఒకరోజు ఈవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పక్కనే నిలబడి వేయించారు. పదిరోజులు కాకముందే, ఉదయం బండి బయటికి తీస్తూ గుండె పట్టుకుని కూలబడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

"గుండె రక్తనాళాలు ఎప్పుడో పూడుకుపోయేయట. వాడికి షుగరు, సిగరెట్టు. టీకాకీ దీనికీ సంబంధం లేదని డాక్టరుగారు బొమ్మ గీసి మరీ చెప్పేరు. నాకు తెలీకనా? నేనూ ఈ పనిలోనే తల నెరిపించుకున్నాను. బుర్రకి తెలుసు. కానీ ఇంకొకళ్ళకి వేయించుకోండని చెప్పబోతే నోరు రావట్లేదమ్మాయ్. నేను వేయించుకుంటే నన్ను చూసి పిల్లలు వేయించుకుంటారు. వాళ్ళల్లో ఎవరికైనా ఏదైనా అయితే? అందుకని నేను అసలు ముందుండదల్చుకోలేదు."

"మీ మరదలుగారు ఏమైనా అన్నారాండీ?"

"ఒక్క మాట అన్లేదు. ఇన్నేళ్ళలో ఒక్క మాట. అన్నా బాగుండును."

వాన మొదలైంది. కిటికీలోంచి జల్లు లోపలికి కొడుతున్నా ఇద్దరం లేవలేదు. ఆవిడ మీద నేను పెంచుకున్న ఉక్రోషమంతా ఏమైపోయిందో తెలియదు. చివరికి నాకు తోచింది చెప్పాను.

"మీదీ నాదీ ఒకటి కాదండీ. మీరు ఆయనకి చెయ్యాల్సిన మంచి చేసేరు. నేను చెయ్యాల్సింది చెయ్యలేదు. అందరికీ చెప్పి, నేను మాత్రం వేయించుకోలేదు. మీకు తెలుసాండీ ఆ సంగతి?"

"తెలుసు. నీ జబ్బ నొప్పెట్టిందని నువ్వొక్కరోజూ అన్లేదుగా" అన్నారు. తిట్టలేదు. లేచి వచ్చి, గ్లౌజు వేసుకున్న చేత్తో నా నుదురు చూసి, "జావ తాగు. తగ్గేక వచ్చి, మిగిలింది చేద్దువుగాని" అన్నారు.

మామ్మగారు గట్టి మనిషి. వారంపాటు అటూ ఇటూ ఊగి, నిలబడ్డారు. నేను డ్యూటీలో చేరేసరికి మళ్ళీ కిటికీ పక్క మంచానికి వచ్చేశారు. ఈసారి నేను మాస్కు తియ్యలేదు. చెప్పదల్చుకున్నది పెద్దక్షరాలతో కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. ఆవిడకి చదవడం వచ్చు. మీ జ్వరం బహుశా నా నుంచే వచ్చిందండీ, నేను టీకా వేయించుకోలేదు, నన్ను క్షమించండి అని రాశాను. ఆవిడ కాగితాన్ని దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివారు. నన్ను ఎగాదిగా చూశారు.

"అయితే ఇప్పుడేయించుకున్నావా?"

ఇంకా లేదని తల ఊపాను.

"మరి నాకు కాయితాలు రాత్తా కూచున్నావేంటే? పో, ఎల్లి ఏయించుకునిరా. ఆనక వచ్చి జడెయ్యి. వారం నుంచీ చిక్కులడిపోయింది" అన్నారు.

మర్నాడు ఉదయం డ్యూటీలు అప్పజెప్పుకునేటప్పుడు అందరం ఒకచోట కలుస్తాం. అక్కడ నిలబడి జరిగింది చెప్పాను. ఎవర్నీ వేయించుకోమని అడగలేదు. నేను వేయించుకోకుండా మీ వెంట పడ్డాను, తప్పయింది అన్నాను. థియేటర్ సీనియర్ సిస్టర్ ఒకావిడ, "నువ్వూ వేయించుకోలేదా! మేం నిన్ను చూసి గిల్టీగా ఫీలవుతున్నామే ఇన్నాళ్ళూ" అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

తర్వాత మేట్రన్‌గారి గదికి వెళ్ళి, మీ చేత్తో వెయ్యండని అడిగాను. ఒకసారి ఫ్లూ వచ్చి తగ్గినా, టీకాలో ఉండే మిగతా రకాల కోసం వేయించుకోవాల్సిందే. ఆవిడ దూది తీసి తుడిచి వేశారు. ఆవిడ వేస్తే సూది దిగిన సంగతి తెలియదు. వేసి, దూది అదిమి పట్టుకుని, "ఇంకోటుందా?" అన్నారు.

"ఉందండీ. చాలా ఉన్నాయి."

"తలుపేసిరా."

తలుపు వేశాను. ఆవిడ కోటు విప్పి కుర్చీకి తగిలించి, జాకెట్టు చెయ్యి పైకి మడిచారు. మొహం పక్కకి తిప్పుకున్నారు. నా చెయ్యి కొద్దిగా వణికింది. "వణికితే తప్పులేదని మీరేగా అన్నారండీ" అంటే, "మాట్లాడకుండా వెయ్యి" అన్నారు. వేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని కాసేపు అలాగే కూర్చున్నారు. పెదాలు కదిలాయి. ప్రార్థన చేసుకున్నారో, తమ్ముడితో ఏమైనా అన్నారో నేను అడగలేదు.

"ఎవరికీ చెప్పకు" అన్నారు కోటు వేసుకుంటూ.

నేను చెప్పలేదు. కానీ ఆ గది చెత్తబుట్ట తియ్యడానికి వెళ్ళిన ఆయమ్మ, రెండు దూది ఉండలు చూసి, రెండోది ఎవరిదో పట్టేసింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆసుపత్రి అంతా తెలిసిపోయింది. ఆ సాయంత్రం చిన్న నర్సులు ఆరుగురు ఒక్కసారే వచ్చి జబ్బలు చూపించారు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి కూడా వచ్చింది. మేట్రన్‌గారు కారిడార్లో అటుగా వెళ్తూ ఆగి, వేయించుకున్న ప్రతి పిల్లనీ అరగంట కూర్చోబెట్టి, వంట్లో ఎలా ఉందని అడిగి పంపారు. ఆ తర్వాత రెండ్రోజులూ ఒక్కొక్కరికీ ఫోను చేసి జ్వరమేమైనా వచ్చిందా అని కనుక్కున్నారట. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకరిద్దరికి జబ్బ నొప్పి, అంతే.

అందరూ మారిపోయారని చెప్తే అబద్ధమవుతుంది. థియేటర్ సిస్టర్లలో సగం మంది ఆ ఏడాది వేయించుకోలేదు. ల్యాబు ఆయన బావమరిదినే నమ్మారు. పెద్ద డాక్టరుగారిని మాత్రం ఆయమ్మ పట్టుకుంది. ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆయన గది తుడుస్తూ, తుడుపుకర్ర గుమ్మానికి అడ్డం పెట్టి, "తడిగా ఉందండీ, అడుగెయ్యకండి. ఈలోపు సిస్టరుగారు సూదేసేత్తారు" అంది. ఆయన నావైపు చూసి, ఆవిడ వైపు చూసి, స్లీవు మడుచుకున్నారు.

మరుసటేడు మేట్రన్‌గారు రిటైరయ్యారు. వానాకాలం ముందు ఫోను చేసి, ఈ ఏడాదిది కూడా నువ్వే వచ్చి వెయ్యాలి అన్నారు. డాక్టరుగారిని అడిగి, ఒక సిరంజి ఐసుడబ్బాలో పెట్టుకుని రాజోలు బస్సెక్కాను. ఇల్లు చిన్నది, పెంకుటిల్లు, ముందు బంతిమొక్కలు. తలుపు తీసింది వాళ్ళ మరదలు. సన్నగా, నెమ్మదిగా ఉన్న మనిషి. మంచినీళ్ళిచ్చి, కుర్చీ వేసి, తాను గోడవారగా నిలబడింది.

మేట్రన్‌గారికి వేస్తున్నంతసేపూ ఆవిడ అక్కడే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఈ మందు పెట్టుకుని ఈ గుమ్మం ఎక్కకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

దూది అదిమిపెట్టాక మరదలు అడిగింది. "ఇది ఎవరైనా వేయించుకోవచ్చాండీ?"

"వేయించుకోవచ్చండీ. మీ వయసు వాళ్ళకి మంచిదే."

"నాకూ వేస్తారా మరి?"

మేట్రన్‌గారు చటుక్కున తల తిప్పారు. "నీకెందుకే ఇప్పుడు? నిన్ను వేయించుకోమని నేనన్లేదు" అన్నారు.

"మీరన్లేదు వదినా. నేనే అంటున్నాను." ఆవిడ కొంగు సర్దుకుంది. "ఆరోజు కూడా మీరు మంచికే తీసుకెళ్ళేరు. నేనెప్పుడూ ఇంకోలా అనుకోలేదు. మీరే నాతో మాట్లాడ్డం మానేసేరు."

మేట్రన్‌గారు చేతిలోని టవలుతో మొహం కప్పుకున్నారు. మరదలు వెళ్ళి ఆవిడ పక్కన మంచం మీద కూర్చుంది. నేను డబ్బా తీసుకుని వీధి అరుగు మీదకి వచ్చేశాను. లోపల్నుంచి కాసేపు ఏడుపు, తర్వాత మాటలు, చాలా మాటలు వినిపించాయి. నేను చెవి పెట్టలేదు. బంతిమొక్కల దగ్గర గడ్డి పీకుతూ కూర్చున్నాను.

గంట తర్వాత మరదలే వచ్చి భోజనానికి పిలిచింది. నేను ఒకటే తెచ్చానండీ, ఆదివారం మళ్ళీ వచ్చి మీకు వేస్తాను అన్నాను. "ఆదివారం చర్చి అయ్యేక రండి. చేపల పులుసు చేస్తాను" అంది. ఆదివారం వెళ్ళాను. వేశాను. మేట్రన్‌గారు మరదలి చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నారు. పులుసులో ఉప్పు తగ్గిందని ఒకరు, సరిపోయిందని ఒకరు, నేను తిని లేచేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.